రెండో తూటా లేని తుపాకీ

ఒక్కటే తూటా పట్టే తుపాకీని ఈ రోజుల్లో ఎవరైనా కోరి తెచ్చుకుంటారా? ఈ ప్రశ్న ఆఫీసులో నా జర్మన్ కొలీగ్ అడిగాడు. ఫోన్లో మా నాన్న అడిగాడు. మా ఆవిడ మాత్రం అడగలేదు, ఏకంగా ఒక లిస్టు రాసి ఫ్రిజ్ మీద అంటించింది. ముగ్గురికీ జవాబు చెప్పేసరికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నేను నేర్చుకున్నదే ఇది.

ముందు నా సంగతి. మాది మార్కాపురం వైపు, నల్లమల అంచున ఒక పల్లె. మెకానికల్ చదివి, పదకొండేళ్ల కిందట జర్మనీ వచ్చాను. స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల పార్టులు చేసే కంపెనీలో పని, పక్కనే ఒక చిన్న ఊళ్లో ఇల్లు. నాలుగేళ్లుగా నా దగ్గర వేట లైసెన్సు ఉంది.

"వేట" అనగానే మీలో కొందరి కనుబొమలు లేచాయని తెలుసు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అలా ఉండటమే మంచిదని నేనూ అనుకుంటాను. ఇక్కడి లెక్క వేరు. రే అనే చిన్న జింక ఉంటుంది. మన కొండగొర్రెకి దగ్గరి సైజు, పాతిక కిలోలు దాటేది అరుదు. వాటిని తినే తోడేళ్లు చాలా చోట్ల లేవు. వదిలేస్తే కొత్తగా వేసిన అడవి మొక్కల మొగ్గలన్నీ కొరికేస్తాయి. అందుకని జర్మనీ మొత్తంలో ఏటా పది లక్షలకు పైగా రే జింకల్ని లెక్క ప్రకారం వేటాడతారు. ఆ మాంసం తింటారు, అమ్ముతారు.

నేను ఇందులోకి వచ్చింది మాత్రం జింక పిల్లల్ని కాపాడే పనిలోంచి. మే, జూన్ నెలల్లో ఇక్కడ గడ్డి కోస్తారు. రే పిల్లలు ప్రమాదం వస్తే పరిగెత్తవు, నేలకి అంటుకుని పడుకుంటాయి. కోత యంత్రం కింద పడి చచ్చిపోతాయి. అందుకే తెల్లారకముందే వేడిని పసిగట్టే కెమెరాతో డ్రోన్ ఎగరేసి, వాటిని వెతికి పక్కకు తీస్తారు. మా ఊళ్లో ఆ డ్రోన్ నడిపేది నేను. చేతినిండా గడ్డి పట్టుకుని, మనిషి వాసన అంటకుండా పిల్లల్ని ఎత్తేది మా ఎదురింటి పెద్దాయన. వయసు ఎనభై ఒకటి. మేలో పిల్లని అంత జాగ్రత్తగా ఎత్తే మనిషే శీతాకాలంలో తుపాకీ తీస్తాడని తెలిసి నాకు మింగుడుపడలేదు. ఆ విషయమే అడిగితే, "బతికినవి లెక్క పెట్టేవాడే చచ్చేవి కూడా లెక్క పెట్టాలి" అన్నాడు. ఆ మాట పట్టుకునే కోర్సులో చేరాను. నెలల తరబడి క్లాసులు, రాత పరీక్ష, షూటింగ్ పరీక్ష, అడవిలో ఓరల్స్. మన గ్రూప్-2కి ఏమీ తీసిపోదు.

పెద్దాయన ఇచ్చిన చిక్కుముడి

రెండేళ్ల కిందట పెద్దాయనకి చూపు తగ్గింది. లైసెన్సు వదులుకున్నాడు. ఇక్కడ లైసెన్సు లేని ఇంట్లో తుపాకీ ఉండకూడదు కాబట్టి ఉన్నవన్నీ అమ్మాలి, లేదా తుక్కు కింద అప్పగించాలి. మిగతావి పోయాయి. ఒక్కటి మాత్రం ఎవరూ కొనలేదు. 1970లలో కొన్న కిప్‌లౌఫ్.

కిప్‌లౌఫ్ అంటే మధ్యలో విరిచి తెరిచే రైఫిల్. మీట నొక్కితే గొట్టం ముందుకి వాలుతుంది. వెనక కన్నంలో ఒక తూటా పెట్టి మూసేయడమే. మ్యాగజైన్ లేదు, బోల్ట్ లేదు. కాల్చాక మళ్లీ విరిచి, ఖాళీ కేసు తీసి, ఇంకోటి పెట్టుకోవాలి. అంతసేపు జింక అక్కడే నిలబడి ఉంటుందా? అందుకే ఇక్కడి వాళ్లకి కిప్‌లౌఫ్ అంటే ఒక రకం మర్యాద. తేలిగ్గా, సన్నగా ఉంటుంది, కొండలెక్కేవాళ్లకి హాయి. కానీ ఉన్నది ఒక్క అవకాశం.

దీని తూటా పేరు 5.6×50ఆర్ మాగ్నమ్. 1960ల చివర్లో జర్మనీలో పుట్టింది. ఇప్పుడు ఫ్యాషన్ పోయింది. దుకాణంవాడు తుపాకీని చేతిలోకి తీసుకుని, గొట్టం మీద రాసింది చదివి, తిరిగి ఇచ్చేశాడట. ఇంకో చిక్కు కూడా ఉంది. మా బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2016 నుంచి జింకల మీద సీసం ఉన్న రైఫిల్ గుండు వాడకూడదు. మాంసంలో సీసం తునకలు మిగులుతాయనీ, వదిలేసిన పేగులు తిన్న గద్దలు చచ్చిపోతాయనీ. పెద్దాయన దగ్గరున్న డబ్బాలన్నీ సీసానివే. అంటే జింకల కోసమే పుట్టిన తుపాకీ అప్పటినుంచి నక్కలకే పరిమితమైంది.

"నువ్వు తీసుకో. కానీ గోడకి తగిలించే సరుకులా తీసుకోవద్దు. అడవికి వెళ్లేట్టయితేనే తీసుకో. లేదంటే తుక్కుకి ఇచ్చేద్దాం" అన్నాడు.

ఊరికే అన్నది కాదు ఆ మాట. తుపాకీని రెండు వారాల్లోగా నా పేరున రిజిస్టరు చేయించాలి. అడవికి తీసుకెళ్లాలంటే సీసం లేని తూటాలు కావాలి. నేను తిరిగిన దుకాణాల్లో ఆ సైజులో అవి దొరకలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, తూటాలు నేనే నింపుకోవడం.

అప్పుడే ఫ్రిజ్ మీద లిస్టు వెలిసింది. మా ఆవిడ బీఫార్మసీ. ఇక్కడ మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తుంది. లిస్టులో మూడే పాయింట్లు. ఒకటి, ఐదేళ్ల పాపకి ఏదీ అందకూడదు. రెండు, పౌడర్ ఇంట్లో ఎక్కడ ఉంటుంది? మూడు, నువ్వు నింపిన తూటా నీ మొహం మీదే పేలదని గ్యారంటీ ఏంటి?

మొదటి రెండింటికీ చట్టమే జవాబిచ్చింది. తుపాకీ నంబర్ లాక్ ఉన్న ఉక్కు బీరువాలో, పౌడర్ బేస్‌మెంట్‌లో వేరే తాళంలో. మూడోదానికి జవాబు నేనే సంపాదించుకోవాలి.

అంచు ఎందుకు?

5.6×50ఆర్ అన్న పేరులో 50 అంటే కేసు పొడవు, మిల్లీమీటర్లలో. చివరి "ఆర్" అంటే రాండ్, అంచు. ఈ తూటా అడుగున ఇత్తడి అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. ఇప్పటి ఆర్మీ రైఫిళ్లలో చాలావాటి తూటాలకి ఇలా ఉండదు. మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు అంచులు ఒకదాన్నొకటి తట్టుకుంటాయి కాబట్టి, వాటికి అంచు తీసేసి గాడి పెట్టారు.

కిప్‌లౌఫ్‌లో మ్యాగజైనే లేదు. ఇక్కడ అంచే మేలు. పొయ్యి మీంచి గిన్నెని పట్టకారుతో దించుతాం కదా, గిన్నెకి అంచు ఉంటేనే పట్టు దొరుకుతుంది. అంచు లేని గ్లాసుని అదే పట్టకారుతో దించి చూడండి. తుపాకీ విరిచినప్పుడు ఖాళీ కేసుని వెనక్కి నెట్టే ముక్క ఈ అంచునే పట్టుకుంటుంది. పైగా తూటా లోపలికి ఎంత దూరం వెళ్లాలో ఆపేది కూడా అంచే. అంచు లేని తూటాలకీ కిప్‌లౌఫ్‌లు చేస్తారు, చిన్న స్ప్రింగ్ కొక్కెం గాడిలో పడి పట్టుకుంటుంది. పని చేస్తుంది. కానీ చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు నాకు అంచు మీదే నమ్మకం.

ఇంకో సంగతి. బోల్ట్ రైఫిల్‌కి లావుపాటి ఉక్కు చెవులు తాళం వేస్తాయి. విరిచే తుపాకీలో కీలు, గొళ్లెం ఆ పని చేయాలి. అందుకే ఒకే తూటాకి అంచు ఉన్న రూపం, లేని రూపం రెండూ ఉంటే, యూరప్ ప్రమాణాల్లో అంచు ఉన్నదానికి సాధారణంగా తక్కువ ఒత్తిడే అనుమతిస్తారు. కవలలే గానీ ఒకరి చొక్కా ఇంకొకరికి వేయకూడదు.

సగం ఎమ్ వీ స్క్వేర్

నింపుకోవడమా, మానుకోవడమా అని తేల్చే ముందు అసలు ఈ చిన్న తూటా సరైనదేనా అని చూశాను. ఇంటర్‌లో బట్టీ పట్టిన సూత్రం ఇన్నాళ్లకి పనికొచ్చింది. కదిలే వస్తువు శక్తి, సగం ఎమ్ వీ స్క్వేర్. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. చిన్న గుండుని వేగంగా పంపడమే ఈ తూటాల కిటుకు.

జర్మన్ చట్టం ఇక్కడ గీత గీసింది. రే జింక మీద కాల్చే గుండుకి 100 మీటర్ల దూరంలో కనీసం 1000 జౌల్స్ ఉండాలి. అడవిపంది, పెద్ద జింకలకైతే 2000 జౌల్స్, పైగా గుండు 6.5 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. జంతువు గాయంతో పారిపోయి రెండు రోజులు నరకం చూడకూడదని ఈ గీతలు.

ఈ గీత మీద చిన్న తూటాల్ని నిలబెట్టి చూద్దాం. అంచు తూటాల్లో అందరికీ ముద్దొచ్చేది .22 హార్నెట్. హార్నెట్ అంటే కందిరీగ. 1930ల మొదట్లో అమెరికాలో వచ్చింది. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు లేదు. కానీ గొట్టం మూతి దగ్గరే దాని శక్తి అటూఇటూగా 1000 జౌల్స్. వంద మీటర్లు వెళ్లేసరికి గీత కిందికి పడిపోతుంది. కాబట్టి నక్కకి సరే, జింకకి కాదు. నింపేవాళ్లకీ అది పరీక్షే. దాని కేసు గోడలు ఎంత పలచనంటే, గుండు కూర్చోబెట్టేటప్పుడు కాస్త వంకర పడితే మెడ నలిగిపోతుంది.

ఆ తర్వాత 5.6×52ఆర్. 1912లో అమెరికాలో పుట్టిన తూటాకి యూరప్ పెట్టిన పేరు. మాదానికి వరసకి అన్న అనిపిస్తుంది, పేరులో ఇద్దరికీ 5.6 ఉంది కదా. కానీ దాని గుండు 5.79 మిల్లీమీటర్లు, మాది సుమారు 5.7. తేడా ఒక వెంట్రుక మందం. ఆ వెంట్రుక చాలు, ఒకదాని గుండు ఇంకోదానికి పనికిరాకుండా పోవడానికి. పేరులోని అంకెని నమ్మి గుండ్లు కొనకూడదని అప్పుడే అర్థమైంది. కొలతల పట్టిక చూడాలి, ఆపైన మైక్రోమీటర్‌తో మళ్లీ కొలవాలి.

మా 5.6×50ఆర్ ఈ రే జింక గీతని దాటుతుంది. బోలెడంత మిగులు లేదు గానీ దాటుతుంది. అడవిపందికి మాత్రం రెండు లెక్కల్లోనూ ఫెయిల్. అంటే ఈ తుపాకీ భుజాన ఉన్నప్పుడు ఎంత పెద్ద పంది ఎదురుగా వచ్చినా నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలి. తూటా ఎంచుకోవడమంటే ఏం కొట్టగలమో ఎంచుకోవడం అనుకునేవాణ్ని. ఏది కొట్టకుండా వదిలేస్తామో ముందే ఒప్పుకోవడం కూడా అందులో ఉంది.

ఇదే నాన్నకి చెప్పాను. మా ఊళ్లో వేరుశనగ చేలని పందులు దున్నేస్తున్నాయి. రాత్రిళ్లు మంచె మీద కాపలా. "ఒక్క గుండేనా? అదీ పందికి పనికిరాదా? మరెందుకురా అది?" అన్నాడు. తర్వాత తనే పక్క ఊరి సంగతి ఎత్తాడు. పందుల కోసం ఎవరో చేను చుట్టూ కరెంటు తీగ కట్టారు. తెల్లారి నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషి పోయాడు. అలాంటి వార్తలు మనం చదువుతూనే ఉంటాం. తీగకి ఎదురొచ్చింది పందో మనిషో తెలియదు. నాన్న కాసేపాగి, "నీదానికి కనీసం చూసి నొక్కే మనిషున్నాడులే" అన్నాడు.

బేస్‌మెంట్‌లో ఫార్మసీ

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి కేసు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, మూతిలో గుండు. కాల్చాక గుండు వెళ్లిపోతుంది, పౌడర్ కాలిపోతుంది, ప్రైమర్ పేలిపోతుంది. కేసు మిగులుతుంది. ఆ కేసుని మళ్లీ వాడుకోవడమే రీలోడింగ్.

జర్మనీలో ఇది ఇష్టమొచ్చినట్టు చేసే పని కాదు. పేలుడు పదార్థాల చట్టం 27వ సెక్షన్ కింద పర్మిట్ కావాలి. కోర్సులో కూర్చోవడానికే ముందు నీ మీద కేసులేమీ లేవని ప్రభుత్వం కాగితం ఇవ్వాలి. తర్వాత కోర్సు, పరీక్ష, అయిదేళ్ల పర్మిట్. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా నింపడం ఆయుధాల చట్టం కింద నేరమే. కాబట్టి ఇది చదివి ఎవరూ సరదా పడొద్దు. నేనిక్కడ కొలతలు చెప్పకపోవడానికి కారణం కూడా అదే. అవి కంపెనీ మాన్యువల్లో ఉంటాయి, అక్కడే ఉండాలి.

మొదటిరోజు మా ఆవిడ కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంది. ఆమె ఫ్యాక్టరీలో ఒక మాత్ర బయటికి రావాలంటే ఎన్ని సంతకాలు కావాలో నాకు అప్పుడు తెలిసింది. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి, రెండోది బీరువాలో. ఫోన్ పైన గదిలో. మాటలు లేవు, పాటలు లేవు. ప్రతి బ్యాచ్‌కీ నంబరు, తేదీ, పౌడర్ లాట్, గుండు రకం, కేసు ఎన్నోసారి వాడుతున్నామో అన్నీ పుస్తకంలో. "మాత్ర తప్పయితే రీకాల్ చేస్తాం. నీ తూటాని ఎవరు రీకాల్ చేస్తారు?" అంది.

పనంతా కేసుని చూడటంతోనే మొదలవుతుంది. కడిగి, తుడిచి, మెడ దగ్గర పగుళ్లున్నాయేమో దీపం కింద చూడాలి. కనిపించని జబ్బు అడుగున ఉంటుంది. చాలాసార్లు సాగిన కేసు అంచుకి కాస్త పైన లోపలివైపు పలచబడుతుంది. ఒకరోజు అక్కడ తెగిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. సన్నటి తీగ కొస వంచి, లోపల గోడ మీద గీరుతూ పైకి లాగాలి. ఎక్కడైనా గాడి తగిలితే ఆ కేసు చెత్తబుట్టకే. పెద్దాయన ఇచ్చిన 60 కేసుల్లో తొమ్మిది అలా పోయాయి. తీగ పట్టుకున్నది మా ఆవిడే. ఆమె చేతికి తెలిసినంత నా చేతికి తెలియలేదు.

తర్వాత కేసుని అచ్చులోకి నెట్టి మళ్లీ సైజుకి తేవాలి. ఇక్కడ కిప్‌లౌఫ్ గుణం గుర్తుంచుకోవాలి. బోల్ట్ రైఫిల్‌లో కేసు కాస్త బిగుతైనా బోల్ట్ తిప్పి నెట్టేయొచ్చు. విరిచే తుపాకీకి ఆ బలం లేదు. తూటా తనంతట తాను జారి కన్నంలో పడాలి. కాల్చాక అంతే తేలిగ్గా బయటికి రావాలి. అలాగని మరీ కుదిస్తే, కాల్చిన ప్రతిసారీ ఎక్కువ సాగి, కేసు ఆయుష్షు తగ్గుతుంది. కన్నం కొలతకి వెంట్రుకవాసి తక్కువగా అచ్చుని సర్దుకోవడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పొడవు పెరిగిన మెడల్ని కత్తిరించి, అంచులు నున్నగా చేసి, కొత్త ప్రైమర్ కూర్చోబెట్టాలి.

పౌడర్ మాన్యువల్లో ఉన్న కింది అంకెతో మొదలుపెట్టాలి. పైకి వెళ్లేది చిన్న మెట్లతో, ప్రతి మెట్టు దగ్గర కేసుని పరీక్షిస్తూ. మా ఆవిడ తన ఆఫీసు అలవాటు కొద్దీ తక్కెడని ప్రతి పది తూటాలకోసారి చెక్ వెయిట్‌తో సరిచూసింది. పౌడర్ పోసిన కేసులన్నీ చెక్క స్టాండులో నిలబెట్టి, టార్చి వేసి ఒక్కోదాని లోపలికి చూడాలి. అన్నింట్లో మట్టం ఒక్కటేనా? ఒకదాంట్లో రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా ఇక్కడే దొరకాలి. ఆ తర్వాతే గుండు.

మూడో పాయింటుకి జవాబు ఇదే. గ్యారంటీ అంటూ వేరే లేదు, ఈ చూడటమే.

రాగి పెట్టిన పరీక్ష

అసలు కష్టం గుండు దగ్గర వచ్చింది. సీసం సాంద్రత 11.3, రాగిది 9కి కాస్త తక్కువ. అంటే అంతే బరువున్న రాగి గుండు సీసం గుండు కన్నా పొడవుగా ఉంటుంది. పొడవాటి గుండు తలకిందులు కాకుండా ముక్కు ముందుకే పెట్టుకుని పోవాలంటే వేగంగా తిరగాలి. బొంగరం సంగతి మీకు తెలుసు, తిరుగుడు చాలకపోతే తూలుతుంది. గుండుని తిప్పేవి గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు. ఇప్పటి .223 రైఫిళ్లలో చాలావాటికి 20 నుంచి 25 సెంటీమీటర్లకి ఒక చుట్టు ఉంటుంది. మా తుపాకీకి గుడ్డ చుట్టిన కడ్డీ దూర్చి, గుర్తు పెట్టి కొలిస్తే దాదాపు 35 సెంటీమీటర్లు తేలింది. 1970లలో పొట్టి సీసం గుండు కోసం కోసిన గాళ్లు అవి.

రెండు రకాల రాగి గుండ్లు తెచ్చాను. బరువైనది కాల్చితే 100 మీటర్ల దూరంలో కాగితం మీద గుండ్రటి కన్నం పడాల్సిన చోట పొడవాటి చీలిక పడింది. గుండు అడ్డంగా వెళ్లి తగిలిందన్నమాట. దాన్ని అక్కడితో ఆపేశాను. తేలికది, మూడు గ్రాముల లోపు ఉన్నది, ఐదుకి ఐదు నా అరచేతి కన్నా చిన్న చోట పడ్డాయి. పౌడర్ మెట్టు ఒకటి మార్చాక అగ్గిపెట్టె కింద కప్పేసేంత దగ్గరకొచ్చాయి.

కానీ గుండు తేలికైతే సూత్రంలో "ఎమ్" తగ్గుతుంది. మళ్లీ గీత సంగతి చూడాలి. రేంజ్‌లో రాడార్ మీటర్ పెట్టి 100 మీటర్ల దగ్గర వేగం చూసి లెక్క వేశాం. వెయ్యి దాటింది. దాటింది గానీ, వంద మీటర్ల అవతల ధైర్యంగా చెప్పగలిగేంత కాదు. బ్యాచ్ పుస్తకంలో మా ఆవిడ ఎర్ర పెన్నుతో రాసింది: "గరిష్ఠ దూరం 100 మీ." మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ రాసినట్టు.

మంచె మీద

ఇక్కడి వేటగాళ్లు చెట్టంచున చెక్క మంచె కట్టుకుని కూర్చుంటారు. మొదటిసారి ఎక్కినప్పుడు నవ్వొచ్చింది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని తోలేవాణ్ని. వాగులో గుండ్రటి రాళ్లు ఏరుకోవడమే ఒక పని. చేతికి సరిపడా బరువు, వంకర లేని రాయి. ఏడు సముద్రాలు దాటొచ్చి మళ్లీ అదే ఏరుడు.

అక్టోబరులో పెద్దాయన తుపాకీతో ఆరు సాయంత్రాలు కూర్చున్నాను. రెండుసార్లు ఏమీ రాలేదు. ఒకసారి జింక వచ్చింది గానీ పొలం అవతలి గట్టున ఉంది. దూరం కొలిచే అద్దంలో 140 చూపించింది. అది ఎంత నిదానంగా మేసిందంటే, పెద్ద రైఫిల్ ఉన్నవాడికి అది పండగ. నేను చూస్తూ కూర్చున్నాను. ఇంకోసారి నలభై మీటర్లలో అడవిపంది, వెనక పిల్లలు. ఎర్ర పెన్ను గుర్తొచ్చింది, చట్టమూ గుర్తొచ్చింది. పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయాయి. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెబితే, "అయ్యో" అన్నాడు. మా వేరుశనగ గుర్తొచ్చి ఉంటుంది.

ఏడో సాయంత్రం ఒక రే మగది, ఏడాది వయసుది, పొదలోంచి బయటికొచ్చింది. 70 మీటర్లు. పక్కకి తిరిగే దాకా ఆగాను. వెనక కొండ గట్టు ఉంది, అంటే గుండు దాటినా మట్టిలోకే. జేబులో ఇంకో నాలుగు తూటాలున్నాయని తెలుసు. కానీ అవి లేనట్టే. రెండోది లేదని తెలిసినప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఎంత నెమ్మదిగా కదులుతుందో నేను మాటల్లో చెప్పలేను.

నొక్కాను. జింక నాలుగు గెంతులు వేసి పడిపోయింది. పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను, అది ఇక్కడి పద్ధతి. తర్వాత కిందికి దిగి, దాని నోట్లో ఒక ఆకు కొమ్మ పెట్టాను. అదీ ఇక్కడి పద్ధతే. చివరి మేత అంటారు. ఆ జింకని మేలో నేను డ్రోన్‌లోంచి చూసి ఉంటానా అని ఒక్కసారి అనిపించింది. ఏడాదిది కాబట్టి చూసే ఉంటానేమో. సంతోషం, బాధ రెండూ అనిపించాయి. ఏది ఎక్కువో తేల్చుకోవాలని అనిపించలేదు.

మర్నాడు కూరతోపాటు ఖాళీ కేసు కూడా తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయనకి కేసు సరిగ్గా కనిపించదు. వేళ్లతో తడిమాడు. అంచు చుట్టూ గోరు తిప్పాడు, మెడ పట్టి చూశాడు, అడుగున ప్రైమర్ ఎత్తుగా లేదు కదా అని బొటనవేలితో నొక్కాడు. వాసన చూశాడు. "తేలిగ్గా బయటికొచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. "ఎన్ని వాడావు?" ఒకటి అన్నాను. కేసు నా చేతిలో పెట్టి కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. మా ఆవిడ అప్పటికే వరస నింపేసింది. బ్యాచ్ 3. నింపినవి 20. రేంజ్‌లో 8. అడవిలో 1. మిగిలినవి 11. కాల్చిన కేసులు 9, తీగతో చూశాం, అన్నీ బాగున్నాయి. రిమార్క్స్: నిల్.